పుస్తకం తెరిచి రాసిన పరీక్ష

ఒక స్కేలు, దాని పక్కన ఒక వస్తువు. వస్తువు పొడవెంతో చెప్పాలి. పల్లెల్లో ఉండే 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలను 2023లో 'అసర్' సర్వే అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో దాదాపు 35 వేల మందిని ఇలా పలకరించారు. వస్తువు ఒక కొన స్కేలు మీది సున్నా దగ్గర ఉన్నప్పుడు సుమారు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. వస్తువును కాస్త జరిపి, సున్నా దగ్గర కాకుండా మరో అంకె దగ్గర మొదలయ్యేలా పెట్టేసరికి సరిగ్గా చెప్పినవారు 39 శాతమే మిగిలారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు కూడా సగంకన్నా తక్కువే, సుమారు 43 శాతం.

వీరిలో ఎక్కువమంది బడికో కాలేజీకో వెళుతున్నవారే. సెంటీమీటరు అంటే ఏమిటని అడిగితే నిర్వచనం అప్పజెప్పగలవారూ వీరిలో ఉంటారు. కానీ దర్జీ దగ్గరికో, వడ్రంగి దగ్గరికో పనిలో చేరితే మొదటి రోజే కావలసింది ఆ నిర్వచనం కాదు. టేపు చివర అరిగిపోయి ఉంటే పది దగ్గర పెట్టి కొలిచి, పది తీసేయడం తెలియాలి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు కావాలన్నా, ఆసుపత్రిలో మందు మోతాదు చూడాలన్నా అదే తెలివి కావాలి. చదువుకున్న ఏళ్ళు వేరు, వచ్చిన చదువు వేరు అనే మాట ఇప్పుడు ప్రపంచమంతటా వినిపిస్తోంది. ప్రపంచ బ్యాంకు ఏటా వెలువరించే ప్రపంచ అభివృద్ధి నివేదికల్లో పూర్తిగా విద్యకే కేటాయించిన మొదటిది 2018 నివేదిక. బడిలో కూర్చోబెట్టినంత మాత్రాన చదువు వచ్చినట్లు కాదన్నదే దాని సారాంశం.

ఈ సంగతి మన దేశంలో చాలామందికి చాలాకాలం కిందటే తెలుసు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం చేతివృత్తి చుట్టూ చదువును అల్లాలంది. 1964–66 నాటి కొఠారి కమిషన్ 'పని అనుభవం' పాఠ్యప్రణాళికలో ఉండాలంది. 1986 జాతీయ విద్యావిధానం 1990 నాటికి ఇంటర్మీడియట్ స్థాయి విద్యార్థుల్లో పది శాతాన్ని, 1995 నాటికి 25 శాతాన్ని వృత్తివిద్య వైపు మళ్ళిస్తానంది. 1992లో ఆ గడువులనే మరో అయిదేళ్ళు ముందుకు జరిపారు. పని అనుభవం పీరియడు మన బడుల్లో ఏమైందో చెప్పనక్కర లేదు. టైంటేబుల్లో ఉండేది, ఆటల పీరియడులో కలిసిపోయేది.

అయితే ఈ పథకాలన్నీ బడి పనిని ఒకవైపు, బడి చదువును మరోవైపు ఉంచి, రెంటినీ ఎలా అతికించాలా అని చూశాయి. మామూలు సైన్సు పాఠాన్నే, మామూలు ప్రభుత్వ పాఠశాలలోనే, చేతులతో చేసి బుర్రతో తేల్చుకునే పనిగా మార్చి చూసిన ప్రయత్నం ఒకటుంది. అది మధ్యప్రదేశ్‌లో నర్మదా తీరాన ఉన్న హోషంగాబాద్ జిల్లాలో (2022లో దీని పేరు నర్మదాపురంగా మారింది) 1972లో మొదలై, సరిగ్గా 30 ఏళ్ళు నడిచింది. దాని పేరు హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం. మొదలైన తీరు గురించి, కిట్ల గురించి చాలామంది రాశారు. నా మటుకు అందులో అన్నిటికన్నా ఆసక్తికరమైనది దాని పరీక్ష. ఆ కార్యక్రమం అంతకాలం బతకడానికీ, చివరికి ఆగిపోవడానికీ కూడా పరీక్షతోనే సంబంధం ఉంది.

పదహారు పాఠశాలలు

అమెరికాలో 1956లో, బ్రిటన్‌లో 1962లో సైన్సు బోధనను మార్చే పెద్ద పథకాలు మొదలయ్యాయి. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్తలు, బ్రిటన్‌లో నఫీల్డ్ ఫౌండేషన్ వాటిని నడిపారు. పిల్లలు సూత్రాన్ని కంఠస్థం చేయడం కాదు, ప్రయోగం ద్వారా దాన్ని చేరుకోవాలి అన్నది వాటి మూలసూత్రం. ఆ గాలి మన దేశానికీ వీచింది. అఖిల భారత సైన్సు ఉపాధ్యాయుల సంఘానికి చెందిన భౌతికశాస్త్ర అధ్యయన బృందం 'ప్రయోగాల ద్వారా భౌతికశాస్త్రం' అనే పాఠాలను తయారు చేసింది. డూన్ స్కూలు ఉపాధ్యాయుడు బి.జి. పిత్రే, టాటా పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు యశ్‌పాల్, వి.జి. కులకర్ణి వంటివారు ఇందులో ఉన్నారు. బొంబాయి మునిసిపల్ పాఠశాలల్లో వీటిని కొంత పరీక్షించి చూశారు కూడా.

పట్నంలో పనికొచ్చింది పల్లెలో పనికొస్తుందా? హోషంగాబాద్ శివార్లలోని రసూలియాలో క్వేకర్లు స్థాపించిన ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ ఉండేది. అదే జిల్లాలో బన్‌ఖేడీ దగ్గర కిశోర్ భారతి అనే సంస్థను అనిల్ సద్గోపాల్ అప్పుడప్పుడే ప్రారంభించారు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్‌లో అణుజీవశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని, టాటా సంస్థలో పనిచేసి, 1971లో ఆ ఉద్యోగం వదిలి పల్లెకు వచ్చిన మనిషి ఆయన. ఈ రెండు సంస్థలూ కలిసి రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగింది ఒక్కటే: జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్సును మరోలా చెప్పడానికి అనుమతి. ప్రభుత్వం సరేనంది. 1972 వేసవిలో రసూలియాలో ఉపాధ్యాయులకు తొలి శిక్షణ జరిగింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. స్వచ్ఛంద సంస్థలు సాధారణంగా తమ బడి తాము పెట్టుకుంటాయి, తమకు నచ్చిన ఉపాధ్యాయులను తెచ్చుకుంటాయి. అక్కడ అద్భుతాలు జరుగుతాయి. పక్క ఊరి ప్రభుత్వ బడి మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. హోషంగాబాద్‌లో వీరు ఎంచుకున్నది అదే ప్రభుత్వ బడి. బదిలీలు, జీతాల ఆలస్యాలు, ఎన్నికల విధులు, కారే పైకప్పు అన్నిటితో సహా దాన్నే తీసుకున్నారు. ఇది తెలిసి చేసిన ఎంపిక. ఆ పరిస్థితుల్లో నిలవని పద్ధతి మన దేశానికి పనికిరాదని వారి అభిప్రాయం.

1973 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం అధ్యాపకులు పెద్ద సంఖ్యలో చేరారు. పల్లెబడి సైన్సు మీద పనిచేయడానికి విశ్వవిద్యాలయ అధ్యాపకులకు యు.జి.సి. ఫెలోషిప్పులిచ్చింది. భౌతికశాస్త్రానికి రసాయన, జీవశాస్త్రాలు తోడయ్యాయి. 'బాల్ వైజ్ఞానిక్', అంటే బాల శాస్త్రవేత్త అనే పేరుతో మూడు తరగతులకూ పుస్తకాలు రూపొందాయి. మొదట పాఠం రాయడం, దాన్ని ఉపాధ్యాయుల చేత, పిల్లల చేత చేయించి చూడడం, తిరగరాయడం. ప్రొఫెసరు రాసిన పాఠాన్ని ఊరి పంతులుగారు "ఇది మా పిల్లలకు ఎక్కదు" అని కొట్టివేస్తే, ఆ మాట చెల్లేది.

తుమ్మముల్లూ, ఇంజెక్షను సీసా

తరగతిలో పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చునేవారు. జట్టుకొక సామాను. పుస్తకంలో జవాబులుండవు. ఏం చేయాలో, ఏం గమనించాలో చెప్పి, ప్రశ్న అడిగి ఊరుకుంటుంది. జవాబు పిల్లలు తాము చూసినదాన్ని బట్టి తమ నోటుబుక్కులో రాసుకోవాలి.

సామాను సంగతి చెప్పుకోవాలి. మన బడుల్లో సైన్సు బీరువాకు తాళం ఎందుకు ఉంటుందో ఉపాధ్యాయులైన పాఠకులకు చెప్పనక్కర లేదు. గాజు గొట్టం పగిలితే స్టాకు రిజిస్టరులో లెక్క ఎవరు చెబుతారు? హోషంగాబాద్‌లో దీనికి ఒక జవాబు, పగిలినా బెంగలేనంత చవక సామాను వాడడం. వాడి పారేసిన ఇంజెక్షను సీసాలు పరీక్షనాళికల పని చేశాయి. పువ్వును విప్పి చూడడానికి కొన్న సూదుల బదులు తుమ్మముళ్ళు వచ్చాయి. అవి తుప్పు పట్టవు, ఊళ్ళో కావలసినన్ని. క్షారాన్ని గుర్తించడానికి ఫినాఫ్తలీన్ కావాలి. పల్లెలో ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజుల్లో మందుల షాపులో అమ్మే ఒక రకం విరేచనాల మాత్రలో ఉన్నది అదే పదార్థమని ఎవరికో తట్టింది. మాత్రను నలిపి నీళ్ళలో కలిపితే సూచిక ద్రావణం సిద్ధం. (తర్వాతి కాలంలో ఆరోగ్య కారణాల వల్ల ఆ మాత్రలు చాలా దేశాల్లో నిలిచిపోయాయి. అది వేరే కథ.)

1978లో టెల్కోలో పనిచేస్తున్న అరవింద్ గుప్తా అనే యువ ఇంజనీరు ఏడాది సెలవు పెట్టి కిశోర్ భారతికి వచ్చాడు. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను అతికి త్రిభుజాలు, ఘనాలు, ఇంటి చట్రాలు కట్టించాడు. త్రిభుజాన్ని నొక్కితే ఆకారం మారదు, చతురస్రాన్ని నొక్కితే వాలిపోతుంది. పైకప్పు దూలాల్లో, వంతెనల్లో త్రిభుజాలే ఎందుకుంటాయో పిల్లవాడికి వేళ్ళకే తెలిసిపోతుంది. ఆ అగ్గిపుల్లల పుస్తకం 1987లో అచ్చయింది. అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

అయితే చవక సామానే కార్యక్రమం అనుకుంటే పొరపాటు. మన సైన్సు ఫెయిర్లలో చవక సామాను నమూనాలకేమీ కొదవ లేదు. అడిగితే పిల్లవాడు కంఠస్థం చేసిన వివరణ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అసలు తేడా పాఠంలో ఉంది.

'హెచ్చుతగ్గులు, ఉజ్జాయింపు' గురించి ఒక పాఠముంది. ఒకే బల్లను తరగతిలో అందరూ కొలుస్తారు. ఒకరికి 121 సెంటీమీటర్లు, ఇంకొకరికి 120.5, మరొకరికి 122 వచ్చాయనుకోండి. మామూలు తరగతిలో మాస్టారు ఒక అంకె సరైనదని చెప్పి మిగతావి కొట్టేస్తారు. ఇక్కడ అంకెలన్నీ బోర్డు మీదికెక్కుతాయి. ఎందుకు తేడా వచ్చింది? స్కేలు జరిపేటప్పుడు గీత ఎక్కడ పెట్టావు? కన్ను పక్కనుంచి చూసిందా, నేరుగా చూసిందా? ఏ అంకె దగ్గర ఎక్కువమంది చేరారు? కొలత అన్నాక కొంత తేడా ఉంటుందని, ఆ తేడాకూ ఒక హద్దు ఉంటుందని పదకొండేళ్ళ పిల్లలు తెలుసుకుంటారు. మన దగ్గర చాలామందికి ఈ మాట డిగ్రీ ప్రాక్టికల్సులో తొలిసారి వినబడుతుంది. సంభావ్యత పాఠంలో బొమ్మాబొరుసు వేయడం, అందరి లెక్కలు కలపడం, రేఖాచిత్రం గీయడం ఉండేవి.

జంతువుల జీవితచక్రం పాఠంలో ఆవు పేడ మీద ఈగలు పెట్టే గుడ్లను, వాటి నుంచి వచ్చే పురుగులను, ఆ తర్వాత ఈగలను రోజూ గమనించాలి. పేడలోంచి పురుగులు వాటంతటవే పుడతాయా, ఈగ వాలితేనే పుడతాయా? 1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రెడీ మాంసం ఉంచిన జాడీల మీద గుడ్డ కప్పి తేల్చుకున్న ప్రశ్న ఇదే. హోషంగాబాద్ పిల్లలకు రెడీ పేరు తెలియకపోవచ్చు. కానీ గుడ్డ ఎందుకు కప్పాలో తెలుసు.

నా చదువురోజుల్లో సైన్సు రికార్డు అని ఒకటుండేది. ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేయు విధానం, పరిశీలన, నిర్ధారణ. పై తరగతి వారి రికార్డు తెచ్చుకుని పరిశీలనలతో సహా ఎక్కించేవాళ్ళం. ప్రయోగం చేయకుండానే ఏం పరిశీలించామో రాయడంలో అప్పట్లో ఎవరికీ వింత అనిపించలేదు. ఇది చదువుతున్న వారిలో చాలామందికీ ఆ రికార్డు గుర్తుండే ఉంటుంది.

పిల్లలు ప్రశ్నలు పంపడానికి 'సవాలీరామ్' అనే పాత్రను సృష్టించారు. ఎవరికి ఏ సందేహం వచ్చినా సవాలీరామ్‌కు ఉత్తరం రాయవచ్చు. ఆయన తప్పక జవాబు రాస్తాడు. ఆయన పేరు మీద జవాబులు రాసేది కార్యకర్తలూ శాస్త్రవేత్తలూ. అనువాదకుడిగా ఈ పేరు నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. హిందీలో సవాల్ అంటే ప్రశ్న. మన దగ్గరికి వచ్చేసరికి సవాలు అంటే తొడ కొట్టడం. ప్రశ్న అడగడం మనకు పందెం విసరడంలా ఎందుకు వినబడుతుందో భాషావేత్తలు చెప్పాలి. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి "ఏంట్రా, ఎదురు ప్రశ్నలా?" అని కూర్చోబెట్టే తరగతి గదులు మాత్రం మనకు బాగా తెలిసినవే.

పరీక్ష మారకపోతే ఏదీ మారదు

1972లో ఆరో తరగతిలో చేరిన పిల్లలు 1975లో ఎనిమిదో తరగతి పరీక్షకు వచ్చారు. అది బడిలో జరిగే చిన్న పరీక్ష కాదు, అక్కడ అప్పట్లో బోర్డు పరీక్ష. మూడేళ్ళపాటు ప్రయోగాలు చేసిన పిల్లలకు "ఆమ్లాల ధర్మములు వ్రాయుము" అనే ప్రశ్న ఇస్తే ఏమవుతుంది? మరుసటి ఏడాది నుంచి ఏ ఉపాధ్యాయుడూ ప్రయోగం జోలికి పోడు. నోట్సు చెప్పి బట్టీ పట్టిస్తాడు. తప్పు అతనిది కాదు. తల్లిదండ్రులు అడిగేది మార్కులే కదా.

అందుకే ఈ బృందం మొదటి నుంచీ పట్టుబట్టింది తమ పిల్లలకు వేరే పరీక్ష కావాలని. ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ పరీక్షలో రెండు భాగాలు. ఒకటి రాత పరీక్ష. హాలులోకి పిల్లలు తమ పుస్తకం, తాము రాసుకున్న నోటుబుక్కు తెచ్చుకోవచ్చు. తెరిచి చూసుకోవచ్చు. రెండోది ప్రయోగ పరీక్ష. ప్రతి పిల్లవాడూ సామాను ముందు కూర్చుని, అడిగిన పని చేసి చూపాలి.

పుస్తకం తెరిచి రాస్తే పరీక్ష ఏముంటుంది, అందరూ పాసవుతారు కదా అని మనకు తోస్తుంది. ఆ తరహా ప్రశ్నలను మనమే రెండు తయారు చేసుకుని చూద్దాం. 'ఒక స్కేలు విరిగి 4 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతోంది. దాని విరిగిన కొన దగ్గర పెట్టిన పెన్సిలు అటు కొన 13 దగ్గర ఉంది. పెన్సిలు పొడవెంత?' ఇంకొకటి: 'రాము కొన్ని శనగగింజలను తడిపి చీకట్లో, కొన్నిటిని పొడిగా వెలుతురులో ఉంచాడు. చీకట్లోవి మొలకెత్తాయి. మొలకెత్తడానికి చీకటి కావాలని రాశాడు. అతను చేసిన పొరపాటేమిటి? ఆ ప్రయోగాన్ని నువ్వైతే ఎలా చేస్తావు?' వీటికి జవాబు ఏ పుస్తకంలోని ఏ పేజీలోనూ దొరకదు. గైడు కొన్నా లాభం లేదు, స్లిప్పు పెట్టినా లాభం లేదు. ఎవరి నోటుబుక్కు వారు రాసుకోని పిల్లవాడికి పుస్తకం తెరిచి ఉండడమూ ఒకటే, మూసి ఉండడమూ ఒకటే.

ఇలాంటి ప్రశ్నలు ఎవరు తయారు చేస్తారు? ప్రశ్నపత్రం కోసం ఉపాధ్యాయులే ఒకచోట చేరి పనిచేసేవారు. జవాబుపత్రాలు దిద్దడమూ అంతే. పిల్లవాడు అనుకోని జవాబు రాస్తే దానికి మార్కు ఇవ్వాలా వద్దా అని వాదించుకునేవారు. ఉపాధ్యాయులకు శిక్షణ నిజంగా జరిగింది వేసవి తరగతుల్లో కన్నా ఈ వాదనల్లోనే ఎక్కువేమో అని నాకనిపిస్తుంది. ఫలానా ప్రశ్నకు ఏ జవాబు సరైనది అని తేల్చాలంటే, అసలు ఆ పాఠం ఎందుకు చెబుతున్నామో ముందు తేలాలి మరి.

నెలకొకసారి దగ్గరి పాఠశాలల ఉపాధ్యాయులు ఒక కేంద్రంలో సమావేశమయ్యేవారు. ఏ ప్రయోగం పని చేయలేదు, ఏ సామాను అయిపోయింది, పిల్లలు ఏం అడిగితే తాము తెల్లముఖం వేశారు అన్నవే చర్చలు. గుడ్డు ప్రాణి అవునా కాదా? ఎండిన గింజలో ప్రాణముందా? ఉందనడానికి రుజువేమిటి? ఏళ్ళ తరబడి తరగతిలో 'సజీవుల లక్షణాలు' వరసగా రాయించిన ఉపాధ్యాయుడికి ఇలాంటి ప్రశ్న ముందు తన జ్ఞానం ఎంతో తెలుస్తుంది. "నాకు తెలియదు, కనుక్కుందాం" అని పిల్లల ముందు అనగలగడం పల్లెటూరి పంతులుకు చిన్న విషయం కాదు. వీరిలోంచే ఇతర ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వగలవారు తయారయ్యారు. హైస్కూలు చదువుతో ఉద్యోగంలో చేరినవారు విశ్వవిద్యాలయ అధ్యాపకులతో సమానంగా కూర్చుని పాఠాలు దిద్దారు.

1978లో ప్రభుత్వం కార్యక్రమాన్ని జిల్లా అంతటికీ, అంటే రెండువందలకు పైగా మాధ్యమిక పాఠశాలలకు విస్తరించింది. పాఠాలను రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థే అచ్చు వేసింది. 1982లో ఈ పనిని చూసుకోవడానికి ఏకలవ్య అనే సంస్థ ఏర్పడింది. క్రమంగా మరికొన్ని జిల్లాలు చేరాయి. చివరి సంవత్సరాల నాటికి సుమారు 15 జిల్లాల్లో వెయ్యి దాకా పాఠశాలలు, లక్ష దాకా పిల్లలు ఈ పద్ధతిలో సైన్సు చదివారు.

మనకు తగిలిన నిప్పురవ్వ

1987లో దేశం అయిదు మూలల నుంచి బయలుదేరిన భారత జన విజ్ఞాన జాతాలు నవంబరు 7న, సి.వి. రామన్ పుట్టినరోజున, భోపాల్‌లో కలిశాయి. గ్యాస్ దుర్ఘటన జరిగి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ ఊపులో పలు రాష్ట్రాల్లో సైన్సు ప్రచార సంఘాలు పుట్టాయి. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. ఏకలవ్య 1985 నుంచి నడుపుతున్న పిల్లల పత్రిక పేరు 'చక్‌మక్'. జన విజ్ఞాన వేదిక పిల్లల పత్రిక పేరు 'చెకుముకి'. రెండు మాటలకూ అర్థం ఒకటే, నిప్పు పుట్టించే రాయి.

సంఘాలు వచ్చాయి, పత్రికలు వచ్చాయి, పుస్తకాలు అనువాదమయ్యాయి. బోర్డు పరీక్ష మాత్రం చాలాకాలం దగ్గరకు రానివ్వలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో కొత్త పాఠ్యప్రణాళిక చట్రాన్ని తయారు చేసుకుంది. ప్రయోగాలూ, ప్రాజెక్టులూ, ఆలోచించి రాసే ప్రశ్నలూ ఉన్న కొత్త సైన్సు పుస్తకాలు వచ్చాయి. 2014–15 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతిలో 80 మార్కులు రాతకు, 20 మార్కులు బడిలో ఏడాది పొడవునా చేసే పనికి అని విడదీశారు. ఆ ఇరవై మార్కులు ఎన్నో బడుల్లో అందరికీ ఇరవైకి ఇరవై పడ్డాయని అందరికీ తెలిసినదే. 2019లో ఆంధ్రప్రదేశ్ వాటిని తీసేసింది. ఎదురుగా కూర్చుని కలిసి దిద్దే ఉపాధ్యాయుల బృందం లేనిచోట బడి చేతికి మార్కులిస్తే ఏమవుతుందో మనకు ఇలా తెలిసింది. హోషంగాబాద్‌లో నెలనెలా జరిగిన ఆ సమావేశాల విలువ ఇక్కడి నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుంది.

2002 జూలై

హోషంగాబాద్ కార్యక్రమానికి లోపాలు లేవని కాదు. అణువు, పరమాణువు వంటి కంటికి కనబడని భావనలను పిల్లలు ప్రయోగంతో తామే కనుక్కోవాలంటే కుదరదు. అలాంటివి పుస్తకాల్లో తక్కువగా ఉన్నాయన్న విమర్శలో నిజముంది. ఎనిమిదో తరగతి వరకు ఒక తీరు, తొమ్మిదిలో అడుగు పెట్టగానే పాత తీరు. ప్రశ్నించడం అలవాటైన పిల్లవాణ్ణి ఒక్కసారిగా బట్టీలోకి దించితే తడబడతాడు. పైతరగతుల పద్ధతిని కూడా మార్చేటంత అవకాశం ఈ బృందానికి ఎన్నడూ రాలేదు. ఉద్యోగాలు తెస్తామని వీరు ఎన్నడూ అనలేదు కూడా. ఊళ్ళో తల్లిదండ్రులకు మాత్రం చదువు అంటే ఉద్యోగమే. పక్క జిల్లా పిల్లలు చదివే పుస్తకం మా పిల్లలకెందుకు లేదు అన్న అనుమానం ఎప్పుడూ ఉండేది.

2002లో ఆ అనుమానమే రాజకీయ డిమాండుగా మారింది. పదో తరగతి బోర్డు పరీక్షల్లో జిల్లా ఫలితాలు బాగాలేవని, అందుకు ఈ సైన్సే కారణమని స్థానికంగా ఆరోపణ వచ్చింది. ఏకలవ్య ఆ వాదనను అంగీకరించలేదు. దేశంలోని పలువురు శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు కార్యక్రమాన్ని నిలపవద్దని కోరారు. జూలైలో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసివేసింది. అదే ఏడాది ఏకలవ్య ప్రభుత్వ బడుల్లో నడుపుతున్న సాంఘికశాస్త్ర, ప్రాథమిక విద్యా కార్యక్రమాలూ ఆగిపోయాయి.

పదో తరగతి ఫలితంలో సైన్సు ఒక్కటే ఉండదు. పిల్లలను ఎక్కువగా దెబ్బతీసేవి లెక్కలూ, ఇంగ్లీషూ అని మన హైస్కూలు ఉపాధ్యాయులను ఎవరినడిగినా చెబుతారు. ఆ రెంటినీ ఈ కార్యక్రమం ముట్టుకోలేదు. పైగా అది పిల్లవాడు కార్యక్రమం నుంచి బయటపడిన రెండేళ్ళకు, జ్ఞాపకశక్తిని కొలవడానికి పెట్టిన పరీక్ష. వస్తువు స్కేలు మీద ఎక్కడ మొదలయిందో చూడకుండా చివరి అంకె చదివినట్లే ఉంది ఈ కొలత. కానీ కార్యక్రమం వైపు నుంచీ ఒక మాట ఒప్పుకోవాలి. ఊళ్ళో మనిషికి అర్థమయ్యే కొలబద్ద ఆ పదో తరగతి పాసు శాతం ఒక్కటే. ముప్పై ఏళ్ళలో దానికి బదులు మరో కొలబద్దను తల్లిదండ్రుల చేతికి ఇవ్వడం సాధ్యపడలేదు. పిల్లవాడు అడిగే ప్రశ్నలు పెరిగాయని ఏ తండ్రికీ మార్కుల జాబితాలో కనబడదు.

మూడేళ్ళకు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005 వెలువడింది. దానికి అధ్యక్షుడు 1970 ప్రాంతంలో ఆ తొలి భౌతికశాస్త్ర పాఠాలతో సంబంధమున్న యశ్‌పాల్. పుస్తకం తెరిచి రాసే పరీక్షలను పరిశీలించమని ఆ చట్రం చెప్పింది. సి.బి.ఎస్.ఇ. 2014లో తొమ్మిది, పదకొండు తరగతుల్లో ముందుగా ఇచ్చిన పాఠ్యభాగాన్ని దగ్గర పెట్టుకుని రాసే పరీక్ష ప్రవేశపెట్టి, 2017లో మానేసింది. 2026–27 నుంచి తొమ్మిదో తరగతిలో పుస్తకం తెరిచి రాసే పరీక్షలకు అదే బోర్డు 2025లో ఆమోదం తెలిపింది. హోషంగాబాద్ జిల్లాలోని ఆ పదహారు బడుల్లో 1975లో పుస్తకం తెరిచి పరీక్ష రాసిన పిల్లలకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి.